స్వాష్‌ప్లేట్ మధ్యలో లెవల్‌గానే ఉంది, కలెక్టివ్ చివరలకు వెళ్తే వాలిపోతోంది

కొత్తరెక్క

అందరికీ నమస్కారం. చేతులు మారి వచ్చిన 500 సైజు రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్ ఒకటి సెటప్ చేస్తున్నాను. ఫ్లైబార్‌లెస్ (ఫ్లైబార్ కడ్డీ బదులు గైరో యూనిట్ ఉన్నది), 120 డిగ్రీల స్వాష్ (బ్లేడ్ల కోణం మార్చే పళ్ళెం), దాన్ని కదిపే మూడు సర్వోలు (చిన్న మోటార్లు). ఎలివేటర్ సర్వో వెనక ఉంది, మిగతా రెండూ ముందువైపు చెరో పక్కన. ఇచ్చినాయన అన్నీ బిగించే ఇచ్చారు. అయినా బ్లేడ్లు తీసేసి మొదటి నుంచీ చూసుకుంటున్నాను.

హెడ్ ఊడదీసి మెయిన్ షాఫ్ట్‌కి లెవలింగ్ టూల్ తొడిగాను. కలెక్టివ్ (బ్లేడ్లన్నిటి కోణాన్నీ ఒకేసారి మార్చేది) స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు స్వాష్ టూల్‌కి చక్కగా ఆనుతోంది, ఎక్కడా సందు లేదు. కలెక్టివ్ పూర్తిగా పైకి ఇస్తే మాత్రం వెనకవైపు కొంచెం కిందికి దిగుతోంది. సరే, పైన అలా ఉంటే కింద దానికి ఎదురుగా ఉంటుందనుకున్నాను. అలా లేదు, పూర్తిగా కిందికి ఇచ్చినా వెనకవైపే దిగుతోంది. సబ్‌ట్రిమ్‌తో (సర్వో మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగ్) చివరలు సరిచేస్తే మధ్యలో లెవల్ పోతోంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అసలు ఇంత చిన్న తేడా పట్టించుకోవాలా?


గాలిగుర్రం

మధ్యలో లెవల్ ఉంటే చాలు బ్రో. ఫ్లైబార్‌లెస్ యూనిట్ ఉంది కదా, మిగతాది గైరో చూసుకుంటుంది. బ్లేడ్లు బిగించి ఎగరేసెయ్.


తోకరెక్క

కొత్తరెక్క గారూ, కాస్త ఆగండి. ముందు నాలుగు విషయాలు చెప్పండి, అప్పుడు కారణం దాదాపు ఇక్కడి నుంచే తేలిపోతుంది.

మోటార్ వైర్లు ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే బాక్స్) నుంచి విడదీశారా? ఇది అన్నిటికన్నా ముందు. బెంచ్ మీద స్టిక్‌లు పైకీ కిందికీ ఆడిస్తుంటాం, ఒక స్విచ్ పొరపాటున పడితే చాలు. బ్లేడ్లు లేకపోయినా మెయిన్ గేర్ వేళ్ళను వదలదు.

రెండోది, ఈ కొలతలన్నీ యూనిట్ సెటప్ మోడ్‌లో ఉన్నప్పుడే తీశారా? మామూలు ఫ్లైట్ మోడ్‌లో తీసిన కొలతలకు అర్థం ఉండదు. యూనిట్ దాని లెక్క ప్రకారం స్వాష్‌ను కదిలిస్తూనే ఉంటుంది.

మూడోది, ట్రాన్స్‌మిటర్‌లో స్వాష్ టైప్ ఏం పెట్టారు? మిక్సింగ్ యూనిట్‌లో జరగాలి కాబట్టి ట్రాన్స్‌మిటర్‌లో 120 పెట్టకూడదు, ఒక సర్వో రకం పెట్టాలి. ట్రిమ్‌లు, సబ్‌ట్రిమ్‌లు అక్కడ సున్నా ఉండాలి.

చివరిది ముఖ్యం. స్వాష్ మధ్యలో ఉన్నప్పుడు మూడు సర్వో హార్న్‌లనూ (సర్వోకి తగిలించిన చేతులు) పక్కనుంచి చూడండి. హార్న్‌కీ, దాని నుంచి స్వాష్‌కి వెళ్ళే రాడ్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలు ఉందా? సర్వో డబ్బాతో పోల్చి చూడకండి, రాడ్‌తోనే చూడండి. వీలైతే మూడు రాడ్‌ల పొడవూ వర్నియర్‌తో కొలిచి మాన్యువల్‌లో ఉన్న కొలతతో పోల్చండి.


కొత్తరెక్క

మోటార్ వైర్లు మూడూ విడదీసే ఉన్నాయండి. సెటప్ మెనూలోనే కొలిచాను. ట్రాన్స్‌మిటర్‌లో ఒక సర్వో రకమే ఉంది, ట్రిమ్‌లన్నీ సున్నా.

మీరు చెప్పినట్టు పక్కనుంచి చూశాను. ముందున్న రెండు హార్న్‌లూ రాడ్‌లకు లంబంగానే ఉన్నాయి. వెనక ఎలివేటర్ హార్న్ మాత్రం కొద్దిగా పైకి లేచి ఉంది. ఫోన్‌లో ఫొటో తీసి గీతలు గీసి చూస్తే సుమారు 10 డిగ్రీలు వస్తోంది. దాని రాడ్ కూడా మాన్యువల్ కొలత కన్నా 2 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది. ముందువి రెండూ మాన్యువల్‌లో ఉన్నంతే ఉన్నాయి.


తోకరెక్క

దొరికింది. మీరు మొదటి పోస్ట్‌లో రాసిన “పైనా వెనకే, కిందా వెనకే” అన్న మాటే అసలు ఆధారం.

స్వాష్ చివరల్లో వాలడం రెండు రకాలు. పైన ఒక వైపుకి, కింద దానికి ఎదురు వైపుకి వాలితే, ఒక సర్వో మిగతావాటికన్నా ఎక్కువో తక్కువో ప్రయాణిస్తోందని అర్థం. హార్న్ మీద బాల్ (రాడ్ తగిలే గుండు) వేరే రంధ్రంలో ఉండొచ్చు, లేదా ఆ సర్వో ట్రావెల్ తేడాగా ఉండొచ్చు. పైనా కిందా రెండు చోట్లా ఒకే వైపుకి వాలితే తప్పు ట్రావెల్‌లో లేదు. ఆ సర్వో హార్న్ మధ్యలోనే 90 డిగ్రీల్లో లేదు.

ఎందుకంటే హార్న్ గుండ్రంగా తిరుగుతుంది, స్వాష్‌కి మాత్రం నిలువు కదలిక కావాలి. హార్న్ రాడ్‌కి లంబంగా మొదలైతే పైకి 30 డిగ్రీలు తిరిగినా, కిందికి 30 తిరిగినా బాల్ ఒకే ఎత్తు ఎక్కుతుంది, ఒకే ఎత్తు దిగుతుంది. ముందే 10 డిగ్రీలు పైకి లేచి ఉన్న హార్న్ పైకి వెళ్ళేటప్పుడు వృత్తం కొన వైపు వెళ్తోంది, అంటే ఎత్తు తక్కువ వస్తుంది. కిందికి వచ్చేటప్పుడు ఎత్తు మారేది ఎక్కువ. కాబట్టి రెండు చివరల్లోనూ ఆ బాల్ ఉండాల్సిన చోటు కన్నా కిందే ఉంటుంది. మీకు వెనకవైపు దిగుతున్నది అందుకే.

లెక్క కూడా చూద్దాం. హార్న్ మీద బాల్ 12 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 10 డిగ్రీల తేడాతో, 30 డిగ్రీల ప్రయాణం చివర బాల్ దగ్గర వచ్చే తప్పు, పైనా కిందా సగటు తీస్తే, సుమారు 0.28 మిల్లీమీటర్లు. స్వాష్ మీద వెనక బాల్‌కీ ముందు రెండు బాల్స్‌ని కలిపే గీతకీ మధ్య దూరం 30 మిల్లీమీటర్లయితే స్వాష్ సగటున అర డిగ్రీకి పైన వాలుతుంది.

రాడ్ 2 మిల్లీమీటర్లు పొట్టిగా ఎందుకుందో కూడా దీంతోనే తేలిపోయింది. 12 మిల్లీమీటర్ల హార్న్ 10 డిగ్రీలు పైకి లేస్తే బాల్ 2.08 మిల్లీమీటర్లు పైకి వెళ్తుంది. హార్న్ సరిచేయకుండా రాడ్ కురచ చేసి మధ్యలో లెవల్ తెప్పించారు. మధ్యలో మాత్రమే చూసేవాళ్ళకి అది కనపడదు.

ఇప్పుడు చేయాల్సింది: ఎలివేటర్ హార్న్ స్క్రూ తీసి, హార్న్ ఊడదీసి, స్ప్లైన్ (సర్వో షాఫ్ట్ పళ్ళు) మీద ఒక పన్ను కిందికి జరిపి మళ్ళీ పెట్టండి. మిగిలిన కొద్ది తేడాను యూనిట్ సబ్‌ట్రిమ్‌తో 90కి తెండి. ఆ తర్వాత రాడ్ పొడవు పెంచి స్వాష్‌ను లెవల్ చేయండి. ముందు హార్న్, తర్వాత సబ్‌ట్రిమ్, ఆ తర్వాతే రాడ్. ఈ వరస మారితే మళ్ళీ ఇక్కడికే వస్తారు.

సర్వో ఆన్‌లో ఉన్నప్పుడు హార్న్‌ను చేత్తో బలవంతంగా తిప్పకండి, గేర్ పళ్ళు పోతాయి.


గాలిగుర్రం

తోకరెక్క అన్నా, లెక్క బాగుంది. కానీ అర డిగ్రీ కోసం హెడ్ ఊడదీసి, హార్న్ ఊడదీసి ఇంత పని అవసరమా? నా మెషీన్‌లో చివరల్లో ఎప్పుడూ చూడలేదు, హోవర్ రాయిలా ఉంటుంది.


సర్వోకొమ్ము

హోవర్‌లో రాయిలా ఉండటంలో ఆశ్చర్యం లేదు గాలిగుర్రం. హోవర్‌లో బ్లేడ్ పిచ్ (కోణం) సుమారు 5, 6 డిగ్రీల దగ్గర ఉంటుంది, పైగా నెమ్మదిగా మారుతుంది. గైరోకి సరిచేయడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

తేడా తెలిసేది కలెక్టివ్ ఒక్కసారిగా కొట్టినప్పుడు. గైరో కొలిచేది మెషీన్ బాడీ తిరిగే వేగాన్ని. స్వాష్ ఎటు వాలిందో దానికి తెలియదు. కలెక్టివ్‌తో పాటు స్వాష్ వెనక్కి వాలితే ముందు రోటర్ వాలాలి, దాంతో బాడీ తిరగడం మొదలవ్వాలి, అప్పుడు గానీ యూనిట్‌కి సంగతి తెలియదు. అది సరిచేసేలోపు ముక్కు లేచిపోయి ఉంటుంది. పంచ్ కొట్టి నిలువుగా ఎక్కించినప్పుడు మెషీన్ ప్రతిసారీ ఒకే వైపు ఒరుగుతోందంటే నేను ముందు చూసేది గెయిన్ (గైరో ఎంత గట్టిగా సరిచేయాలన్న సెట్టింగ్) కాదు, స్వాష్ చివరలే. టిక్‌టాక్ (మెషీన్‌ను లోలకంలా అటూ ఇటూ ఊపే విన్యాసం) చేసేవాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది, ప్రతి కొట్టుకీ పాజిటివ్ నుంచి నెగెటివ్‌కి వెళ్తారు కాబట్టి.

ఇంకోటి. గెయిన్‌లు పెంచి మెకానికల్ తప్పును దాచే అలవాటు చాలామందిలో ఉంది. అప్పుడు తోక ఊగుతుంది, సైక్లిక్ (మెషీన్‌ను ముందు వెనకలకూ పక్కలకూ వాల్చే కంట్రోల్) వణుకుతుంది, యూనిట్ బాగాలేదంటారు. బెంచ్ మీద గంట కూర్చుంటే పోయే తప్పు కోసం సాఫ్ట్‌వేర్‌లో వారాలు వెతకడం నాకు బాధగా అనిపిస్తుంది.


గాలిగుర్రం

పంచ్‌లో ఒరగడం నాకూ ఉంది, కుడివైపుకి. గాలి వల్ల అనుకునేవాణ్ణి. హెడ్ తీసి చూస్తా.


మెరుపుతీగ

కొత్తరెక్క గారు ఒక పన్ను జరిపితే సరిపోతుందా? 25 పళ్ళ స్ప్లైన్ అయితే ఒక్కో పన్నుకి 14.4 డిగ్రీలు. 10 పైకి ఉన్నది 4.4 కిందికి వెళ్తుంది. ఆ 4.4 అంతా సబ్‌ట్రిమ్‌లో పెట్టొచ్చా? నా మైక్రో మెషీన్‌లో అలాగే పెట్టాను, ఇప్పటిదాకా అనుమానం తీరలేదు.


సర్వోకొమ్ము

పెట్టొచ్చు, 4.4 ఏమంత పెద్దది కాదు. కానీ హార్న్ రకాన్ని బట్టి ఇంకా దగ్గరికి తేవచ్చు.

ఒకే చెయ్యి ఉన్న మెటల్ హార్న్ అయితే చేయగలిగింది ఏమీ లేదు. పన్నుకి 14.4 డిగ్రీలు కాబట్టి అత్యంత దగ్గరి స్థానం కూడా 90కి ఎక్కువలో ఎక్కువ 7.2 దూరంలో ఉండొచ్చు. అదంతా సబ్‌ట్రిమ్ మోయాలి.

ప్లాస్టిక్ హార్న్ నాలుగు చేతులది అయితే, స్ప్లైన్ 25 పళ్ళది అయితే, మంచి అవకాశం ఉంది. 25ని 4తో భాగిస్తే 6.25 వస్తుంది. అంటే హార్న్‌ను పావు చుట్టు తిప్పి పక్క చేతిని వాడుకుంటే పావు పన్ను, అంటే 3.6 డిగ్రీలు తేడా వస్తుంది. నాలుగు చేతులూ ప్రయత్నిస్తే ఏదో ఒకటి 90కి 1.8 డిగ్రీల లోపు వచ్చి కూర్చుంటుంది. ఆ చెయ్యి ఉంచుకుని మిగతా మూడూ కత్తిరించేయడమే. రెండు చేతుల హార్న్ అయితే అటు తిప్పి పెడితే అర పన్ను, 7.2 డిగ్రీల తేడా వస్తుంది.

24 పళ్ళ సర్వోకి నాలుగు చేతుల హార్న్‌తో ఈ లాభం లేదు, 24 నాలుగుతో సమంగా పోతుంది, ఏ చెయ్యి పెట్టినా అదే కోణం. కాబట్టి ముందు మీ సర్వో ఎన్ని పళ్ళదో చూసుకోండి. 25 పళ్ళ హార్న్ 24 పళ్ళ సర్వోకి ఎక్కించాలని చూస్తే స్ప్లైన్ పాడవుతుంది.

సబ్‌ట్రిమ్ ఎక్కువ పెడితే నష్టమేమిటంటారా? కొన్ని యూనిట్లలో అటు వైపు ప్రయాణానికి మిగిలే జాగా తగ్గిపోతుంది, ఒక చివరకి ముందుగా చేరిపోతుంది. అప్పుడు ఎంత సరిచేసినా పైన ఒకలా, కింద ఒకలా ఉంటుంది.


కొత్తరెక్క

పని అయింది. మెటల్ హార్న్, 25 పళ్ళదే. ఒక పన్ను కిందికి జరిపాను, మిగిలింది యూనిట్ సబ్‌ట్రిమ్‌తో లంబంగా తెచ్చాను. రాడ్ ఎం2 మర, ఒక్కో చుట్టుకి 0.4 మిల్లీమీటర్లు కాబట్టి ఐదు చుట్లు పొడవు పెంచితే మాన్యువల్ కొలతకే వచ్చి నిలిచింది. అది చూసి చాలా తృప్తిగా అనిపించింది.

ముందూ వెనకా వాలడం పూర్తిగా పోయింది, పైనా కిందా టూల్ ఆనుతోంది. ఇప్పుడు కొత్తగా ఒకటి కనపడుతోంది. పూర్తి పైన ఎడమవైపు సన్నటి సందు, స్వాష్ ఎడమవైపు కొంచెం దిగి ఉంది. పూర్తి కింద దానికి ఎదురు, ఎడమవైపు కొంచెం లేచి ఉంది. ఒక మందపాటి కాగితం దూరేంత. తోకరెక్క గారు చెప్పిన దాని ప్రకారం ఇది ట్రావెల్ తేడా, అంటే ఎడమ సర్వో తక్కువ కదులుతోంది. నిజమేనా?


తోకరెక్క

నూటికి నూరు పాళ్ళు నిజం. సెట్టింగ్‌లు ముట్టుకునే ముందు మూడు చూడండి. ఎడమ హార్న్ మీద బాల్, మిగతా రెండింటిలాగే సమాన దూరంలో ఉన్న రంధ్రంలో ఉందా? హార్న్ స్క్రూ బిగువుగా ఉందా? ఆ బాల్ లింక్‌లో వదులు ఉందా?

మూడూ బాగుంటే అది సర్వోల మధ్య ఉండే మామూలు తేడా. యూనిట్‌లో ఒక్కో సర్వోకి విడిగా చివర పరిమితి మార్చే వీలు ఉంటే ఎడమదాన్ని ఒక్కో శాతం చొప్పున పెంచుతూ చూడండి. పెంచాక మళ్ళీ మధ్యకి వచ్చి లెవల్ చూడాలి, మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. మూడు చోట్లా టూల్ ఆనేవరకూ తిరుగుతూనే ఉండాలి, వేరే దారి లేదు.

టూల్ పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. స్వాష్ మధ్యలో ఉన్న బాల్‌కీ షాఫ్ట్‌కీ మధ్య కొద్దిగా వదులు ఉంటుంది, బాల్ లింక్‌లలో ఇంకాస్త. స్వాష్‌ను ప్రతిసారీ ఒకే వైపు నుంచి వేలితో తేలిగ్గా నొక్కి ఆ వదులు తీసేసి అప్పుడు చూడండి. ఒకసారి నొక్కి, ఒకసారి నొక్కకుండా చూస్తే కాగితం మందం తేడా అక్కడే వచ్చేస్తుంది.


ఎర్రతూనీగ

లెవలింగ్ టూల్ లేనివాళ్ళ కోసం ఒక మాట. నేను ఎప్పుడూ హెడ్ తియ్యను, పిచ్ గేజ్‌తోనే చూస్తాను. హెడ్ తీసి మళ్ళీ బిగిస్తే జీసస్ బోల్ట్ (హెడ్‌ను షాఫ్ట్‌కి పట్టి ఉంచేది) మళ్ళీ చూసుకోవాలి, లింక్‌లు మళ్ళీ ఎక్కించాలి, నాకు ఆ టెన్షన్ ఇష్టం లేదు.

ఒక బ్లేడ్‌కి గేజ్ తగిలించండి, కలెక్టివ్ మధ్యలో ఉంచండి. బ్లేడ్‌ను ముందు టెయిల్ బూమ్ (తోక గొట్టం) మీదికి తెచ్చి రీడింగ్ చూడండి. తర్వాత చేత్తో హెడ్ తిప్పుతూ అదే బ్లేడ్‌ను ముక్కు వైపు, కుడివైపు, ఎడమవైపు తెచ్చి చూడండి. స్వాష్ నిజంగా లెవల్‌లో ఉంటే నాలుగు చోట్లా ఒకే పిచ్ రావాలి.

బూమ్ మీద, ముక్కు మీద తేడా వస్తే స్వాష్ కుడి ఎడమలకు వాలి ఉందని. కుడివైపు, ఎడమవైపు తేడా వస్తే ముందు వెనకలకు వాలి ఉందని. తలకిందులుగా రాశానని అనుకోకండి. బ్లేడ్ గ్రిప్ నుంచి వచ్చే లింక్ స్వాష్‌ని తాకేది బ్లేడ్‌కి దాదాపు 90 డిగ్రీల దూరంలో కదా, అందుకే బ్లేడ్ బూమ్ మీద ఉన్నప్పుడు స్వాష్ పక్కల ఎత్తును అది చదువుతోంది. ఎదురెదురు రెండు చోట్ల తేడాలో సగం అసలు తప్పు.

ఇదే పద్ధతి కలెక్టివ్ పూర్తి పైనా, పూర్తి కిందా కూడా చేయొచ్చు. డిజిటల్ గేజ్ వాడితే ఒక్క జాగ్రత్త: అది భూమితో పోల్చి కోణం చూపిస్తుంది, మెషీన్ కాస్త ఒరిగి ఉంటే హెడ్ తిప్పిన ప్రతి చోటా రీడింగ్ మారిపోతుంది. ప్రతి చోటా గేజ్‌ను హెడ్ బ్లాక్ మీద సున్నా చేసి అప్పుడు బ్లేడ్ చూడాలి.


కొత్తరెక్క

ఎడమ బాల్ సరైన రంధ్రంలోనే ఉంది, స్క్రూ బిగువుగానే ఉంది. చివర పరిమితి 2 శాతం పెంచితే సరిపోయింది. ఇప్పుడు పైనా, మధ్యలో, కిందా మూడు చోట్లా లెవల్. హెడ్ మళ్ళీ బిగించి ఎర్రతూనీగ గారి పద్ధతిలో కూడా చూశాను, నాలుగు వైపులా ఒకటే రీడింగ్. టూల్ చెప్పింది, గేజ్ చెప్పింది ఒకటే కావడం ధైర్యాన్నిచ్చింది.

కానీ రెండు బ్లేడ్లనూ పోల్చి చూస్తే, స్టిక్ మధ్యలో ఒక బ్లేడ్ +1, రెండోది +1.5 చూపిస్తోంది. స్వాష్ లెవల్‌గా ఉన్నా ఇలా ఎందుకు?


సర్వోకొమ్ము

అది లెవల్ సంగతి కాదు, పైన ఉన్న రెండు లింక్‌ల సంగతి. స్వాష్ నుంచి బ్లేడ్ గ్రిప్‌కి వెళ్ళే లింక్‌లు రెండూ సమానంగా లేవు, పైగా రెండూ పొడవు ఎక్కువై ఉండొచ్చు. ఈ మెషీన్‌లో లింక్ పొడవు తగ్గితే పిచ్ తగ్గుతుందా అన్నది ముందు ఒక చుట్టు తిప్పి రూఢి చేసుకోండి. తర్వాత రెండు బ్లేడ్లనూ సున్నాకి తెండి. ఈ దశలో సర్వో సబ్‌ట్రిమ్ గానీ, ట్రాన్స్‌మిటర్ పిచ్ కర్వ్ గానీ ముట్టుకోవద్దు. అలా సున్నా తెస్తే ఇప్పటిదాకా చేసిన 90 డిగ్రీలన్నీ పోతాయి.

బాల్ లింక్‌లలో చాలావాటిని ఒక వైపు నుంచే ఎక్కించాలి, అక్షరాలున్న ముఖం బయటికి ఉండాలి. అందుకని చాలా సందర్భాల్లో అర చుట్టు కుదరదు, పూర్తి చుట్లే. ఒక చుట్టు ఎక్కువ, లేకపోతే తక్కువ అన్న దగ్గర చిక్కుకుంటే ఒక చుట్టును ఒక బ్లేడ్ లింక్‌లో వేసి రెండూ సమానంగా ఉండేలా చూడండి. రెండు బ్లేడ్లూ సమానంగా ఉండటం ముఖ్యం, ఉమ్మడిగా 0.2 డిగ్రీల తేడా ఉంటే ప్రాణం పోదు.

నేర్చుకునే దశలో మధ్యలో సున్నా ఎందుకు, కొంచెం పాజిటివ్ ఉంటే బాగుంటుంది కదా అని అడుగుతారు. అది ఫ్లైట్ మోడ్ పిచ్ కర్వ్‌లో పెట్టుకోండి. మెకానిక్స్ మాత్రం సున్నా దగ్గరే ఉండాలి.


గాలిపడగ

నాది పాత ఫ్లైబార్ మెషీన్. ఇవన్నీ నాకు కూడా వర్తిస్తాయా? యూనిట్ లేదు, అంతా ట్రాన్స్‌మిటర్‌లోనే.


తోకరెక్క

హార్న్ 90, మూడు చోట్లా లెవల్, చివరల వాలు చూసి కారణం కనుక్కోవడం, ఇవన్నీ మీకూ అంతే. తేడా ఏమిటంటే స్వాష్ టైప్ 120, సబ్‌ట్రిమ్, ట్రావెల్ అన్నీ ట్రాన్స్‌మిటర్‌లో చేస్తారు. పైన ఫ్లైబార్ తెడ్లు రెండూ ఒకదానికొకటి, స్వాష్‌కీ సమాంతరంగా ఉండాలి, సున్నా పిచ్ దగ్గర మిక్సింగ్ లీవర్లు అడ్డంగా నిలవాలి. మీరు గాలిలో ట్రిమ్ వాడుకోవచ్చు. ఫ్లైబార్‌లెస్ వాళ్ళు వాడకూడదు, ఎందుకంటే యూనిట్ ట్రిమ్‌ను “ఇటు తిరుగుతూ ఉండు” అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది, మెషీన్ నెమ్మదిగా అటే ఒరుగుతూ పోతుంది.


కొత్తరెక్క

రెండు బ్లేడ్లూ సున్నాకి వచ్చాయి. కలెక్టివ్ ప్లస్ మైనస్ 11 పెట్టాను. సైక్లిక్ కొలవడానికి యూనిట్ మాన్యువల్‌లో బ్లేడ్‌ను బూమ్‌కి సమాంతరంగా ఉంచి ఎయిలెరాన్ (పక్కలకు వాల్చే స్టిక్) ఇమ్మంది. పైన ఎర్రతూనీగ గారి వివరణ చదివాక అది ఎందుకో అర్థమైంది.

ఇప్పుడు భయపెట్టే విషయం ఒకటి. సెటప్ మెనూలోంచి బయటికి వచ్చి స్టిక్ కాస్త కదిపి వదిలేస్తే స్వాష్ మధ్యకి తిరిగి రావడం లేదు, వాలి అలాగే ఉండిపోతోంది! నేను చేసిందంతా పోయిందా?


సర్వోకొమ్ము

ఏమీ పోలేదు. సెటప్ మెనూలోకి మళ్ళీ వెళ్ళి చూడండి, లెవల్‌గానే ఉంటుంది.

ఫ్లైట్ మోడ్‌లో స్టిక్ స్వాష్‌ను నేరుగా కదపదు. “ఇంత వేగంతో తిరుగు” అని అడుగుతుంది. బెంచ్ మీద మెషీన్ కదలదు కాబట్టి అడిగింది ఇంకా జరగలేదని యూనిట్ అనుకుంటుంది, స్వాష్‌ను వాల్చి పట్టుకుని ఉంచుతుంది. గాలిలో అయితే మెషీన్ తిరుగుతుంది, లెక్క చెల్లిపోతుంది.

దీని వల్ల టేకాఫ్‌లో ఒక జాగ్రత్త తీసుకోవాలి. రోటర్ తిరుగుతూ స్కిడ్‌లు నేల మీద ఉన్నప్పుడు సైక్లిక్ స్టిక్ అటూ ఇటూ ఆడించకండి. స్వాష్ వాలినట్టు కనపడినా స్టిక్‌తో సరిచేయాలని చూడకండి. నేల మెషీన్‌ను పట్టి ఉంచుతుంది, స్వాష్ ఇంకా వాలుతుంది, లేచిన మరుక్షణం పక్కకి పడిపోతుంది. స్టిక్ మధ్యలో ఉంచి, హెడ్‌స్పీడ్ (రోటర్ వేగం) పూర్తిగా వచ్చాక, కలెక్టివ్ వెనకాడకుండా ఇచ్చి నేలను వదిలించండి.

ఎగరేసే ముందు ఒక్క పరీక్ష మిగిలి ఉంది. మోటార్ వైర్లు విడిగా ఉండగానే కలెక్టివ్ పూర్తి పైన పెట్టి సైక్లిక్ నాలుగు మూలలకూ తిప్పండి, తర్వాత పూర్తి కింద పెట్టి మళ్ళీ. ఎక్కడైనా సర్వో గుయ్‌మని మూలిగినా, లింక్ వంగినా, స్వాష్ హెడ్‌ని తాకినా బైండింగ్ (ఇరుక్కోవడం) ఉన్నట్టు. కలెక్టివ్ పరిధి గానీ, సైక్లిక్ రింగ్ (సైక్లిక్ పరిమితి) గానీ తగ్గించుకోవాలి. హార్న్ స్క్రూ లోహంలోకి దిగుతుంటే త్రెడ్‌లాక్ వేయండి, ప్లాస్టిక్‌కి మాత్రం తగలనివ్వకండి.


గాలిగుర్రం

నాది కూడా తీసి చూశా. పైన కుడివైపు దిగుతోంది, కింద కుడివైపు లేస్తోంది. కుడి హార్న్ మీద బాల్ లోపలి రంధ్రంలో ఉంది, మిగతా రెండూ బయటి రంధ్రాల్లో. మార్చేశా. తోకరెక్క అన్నా, ఆ రెండు రకాల వివరణ పైన పిన్ చేయించండి, చాలామందికి పనికొస్తుంది.


కొత్తరెక్క

హోవర్ చేశాను! పిచ్చ నిలకడగా ఉంది. గాలి లేని వేళ చూసుకుని కలెక్టివ్ కొంచెం గట్టిగా కొట్టి చూశాను, నిలువుగానే ఎక్కింది, ముక్కు లేవలేదు. అందరికీ చాలా థాంక్స్.

ఒక్క విషయం. హోవర్‌లో మెషీన్ కాస్త కుడివైపుకి ఒరిగి నిలబడుతోంది, కుడి స్కిడ్ కొంచెం కిందుంది. స్వాష్‌ను కాస్త ఎడమకి వాల్చి సరిచేయమంటారా?


తోకరెక్క

వద్దండీ, ముట్టుకోకండి. మీ రోటర్ పైనుంచి చూస్తే గడియారం దిశలో తిరుగుతుంది కదా, దాని ప్రతిచర్యగా బాడీ ఎడమకి తిరగబోతుంది. దాన్ని ఆపడానికి తోక రోటర్ తోకను ఎడమవైపుకి నెడుతూ ఉంటుంది. ఆ నెట్టుడు మొత్తం మెషీన్‌ను కూడా ఎడమకి జరపాలని చూస్తుంది, కాబట్టి ఒక్క చోట నిలవాలంటే మెయిన్ రోటర్ కుడివైపుకి కొంచెం ఒరగాల్సిందే. స్వాష్ ఎంత లెవల్‌గా ఉన్నా ఈ ఒరుగు ఉంటుంది. తలకిందులుగా హోవర్ చేసినప్పుడు కూడా చూడండి, తోక నెట్టే దిక్కును బట్టి ఒరుగు అక్కడా ఉంటుంది.

స్వాష్ వాల్చి దీన్ని తీసేస్తే యూనిట్ దాన్ని తిరిగి సరిచేసుకుంటుంది, మీకు మిగిలేది చివరల్లో పాత తేడా. బ్లేడ్ ట్రాక్ చూశారా? రెండు బ్లేడ్ల కొనలకూ వేరు వేరు రంగుల టేప్ అంటించి, దూరంగా నిలబడి, కంటి ఎత్తులో హోవర్ చేసి పక్కనుంచి చూడండి. ఏ రంగు పైన కనపడితే ఆ బ్లేడ్ లింక్‌ను పిచ్ తగ్గే వైపుకి ఒక్క చుట్టు తిప్పండి.


కొత్తరెక్క

పసుపు, ఎరుపు అంటించాను. పసుపు అర అంగుళం పైన ఉంది. లింక్ ఒక చుట్టు తిప్పి రేపు మళ్ళీ చూస్తాను.